వర్చువల్‌బాక్స్‌లో డెవలప్‌మెంట్ మెషిన్: ఫ్రీయే, పనికొస్తుంది, షేర్డ్ ఫోల్డర్ జోలికి మాత్రం పోకండి

ముందే చెప్పేస్తున్నా. విండోస్ ల్యాప్‌టాప్‌లో కోడ్ రాస్తూ, అది చివరికి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) సర్వర్ మీద నడవాల్సిన వాళ్లకి వర్చువల్‌బాక్స్ ఇప్పటికీ మంచి సాఫ్ట్‌వేరే. ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషిన్ (వీఎం)ని, నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. పైసా ఖర్చు లేదు. కాకపోతే చాలామంది ఏం చేస్తారంటే, ఉబుంటు డెస్క్‌టాప్ మొత్తం ఎక్కించి, ఆ విండోలోనే బ్రౌజర్ తెరిచి, అందులోనే ఎడిటర్ పెట్టుకుని, కోడేమో విండోస్ ఫోల్డర్‌లో ఉంచి లోపలికి షేర్ చేసుకుని, వారం తిరక్కుండానే "వీఎం స్లోగా ఉంది, పనికిరాదు" అని తీసేస్తారు. అలా వాడితే నిజంగానే పనికిరాదు. స్క్రీన్ అవసరం లేని చిన్న సర్వర్ అనుకుని దాని మానాన దాన్ని నడవనిచ్చి, మనం బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (ఇంకో మెషిన్‌లో కమాండ్లు నడిపే భద్రమైన దారి) లోపలికి వెళ్లి పని చేసుకుంటే మాత్రం చాలా హాయిగా ఉంటుంది. ఈ రివ్యూ ఆ పద్ధతిలో వాడే వాళ్ల కోసం.

నా దగ్గర ఉన్నది విండోస్ 11, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. వీఎం లోపల ఉబుంటు సర్వర్ 24.04, దాని మీద పైథాన్, జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్).

అసలు వీఎం ఎందుకు, అన్నీ విండోస్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా అని అడిగే వాళ్లకి ఒక ఉదాహరణ చెప్తా, ఇది తెలుగు వాళ్లకే ఎక్కువ ఎదురయ్యేది. ఫీజు రసీదులో, సర్టిఫికెట్టో తెలుగులో పీడీఎఫ్‌గా ఇచ్చే చిన్న అప్లికేషన్ అనుకోండి. విండోస్‌లో తెలుగు అక్షరాలున్న నిర్మల ఫాంట్ సిస్టమ్‌తోనే వస్తుంది కాబట్టి మన ల్యాప్‌టాప్‌లో రసీదు ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చేస్తుంది. అదే కోడ్ తీసుకెళ్లి ఏ ఫాంట్లూ వేయని ఉబుంటు సర్వర్ మీద పెడితే పేరు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు కనిపిస్తాయి. అక్కడ నోటో ఫాంట్ల ప్యాకేజీయో, లోహిత్ తెలుగు ప్యాకేజీయో విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఫాంట్ ఉన్నా సరిపోదు, పీడీఎఫ్ చేసే లైబ్రరీకి ఒత్తులు, గుణింతాలు కలిపి పేర్చడం రాకపోతే "లక్ష్మి" కాస్తా ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. వీజీప్రింట్ అనే పీడీఎఫ్ లైబ్రరీ ఈ పేర్చే పనిని పాంగో అనే లైబ్రరీకి అప్పజెప్తుంది కాబట్టి తెలుగు బాగా వస్తుంది, కానీ ఆ పాంగోని విండోస్‌లో పెట్టుకోవడమంటే అదో తిప్పలు, ఉబుంటులో ఒక్క కమాండ్. ఫైల్ పేర్ల సంగతీ ఇంతే. లోగో ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని విండోస్ పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. ఇలాంటివన్నీ సర్వర్ మీదకి ఎక్కించాక, క్లయింట్ ఫోన్ చేశాక తెలియడం కంటే ముందే ల్యాప్‌టాప్‌లో తెలిస్తే టెన్షన్ ఉండదు. నాకు వీఎం కావాల్సింది ఇందుకే.

మన దగ్గర వర్చువల్‌బాక్స్ పేరు కొత్తేం కాదు. అమీర్‌పేటలో హడూప్ (భారీ డేటాతో పనిచేసే సాఫ్ట్‌వేర్) కోర్సుల జోరు నడిచిన రోజుల్లో క్లౌడెరా క్విక్‌స్టార్ట్ వీఎం అని ఒక పెద్ద ఫైల్ పెన్‌డ్రైవ్‌లో చేతులు మారేది, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరిచి ఫ్యాన్ మోత వింటూ కూర్చున్న బ్యాచ్ ఒకటుంది. వీఎం అంటేనే నత్తనడక అనే పేరు మన వాళ్లలో అప్పటి నుంచే పడిపోయిందని నా అనుమానం. తప్పు వీఎంది కాదు, ఆ ర్యామ్‌ది.

వర్చువల్‌బాక్స్‌ని మొదట చేసింది జర్మనీకి చెందిన ఇన్నోటెక్ అనే కంపెనీ. 2007లో ఓపెన్ సోర్స్‌గా వచ్చింది, 2008లో ఇన్నోటెక్‌ని సన్ మైక్రోసిస్టమ్స్ కొనేసింది, 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొనేయడంతో ఇదీ ఒరాకిల్ చేతికి వచ్చింది (మైఎస్‌క్యూఎల్ కూడా ఇదే దారిలో వచ్చింది). అసలు ప్యాకేజీ ఇప్పటికీ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సే, ఆఫీసులో వాడినా ఇబ్బంది లేదు. ఇబ్బంది దాని పక్కనే ఉన్న ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌తో (అదనపు సౌకర్యాల ప్యాకేజీ). డౌన్‌లోడ్ పేజీలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, రెండూ ఫ్రీగానే దిగుతాయి, కానీ ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్స్ వేరు: సొంత వాడకానికి, చదువుకోవడానికి, పరీక్షించి చూడటానికి ఫ్రీ, కంపెనీ పనికి అయితే డబ్బు కట్టాలి. ఎక్కడో పాత గైడ్ చూసి "యూఎస్‌బీ 2, యూఎస్‌బీ 3 పనిచేయాలంటే ఈ ప్యాక్ వేయాలి" అని ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వేసేయకండి. 2022లో వచ్చిన 7.0 నుంచి ఆ యూఎస్‌బీ సపోర్ట్ అసలు ప్యాకేజీలోకే వచ్చేసింది. డెవలప్‌మెంట్ పనికి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అసలు అక్కర్లేదు. గెస్ట్ అడిషన్స్ అనేది ఇంకోటి (వీఎం లోపల వేసే సహాయక సాఫ్ట్‌వేర్), దానికి ఈ గొడవ లేదు, రెండింటినీ కలగలపకండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అనో, వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో ఉంటుంది, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ అనే పేరుతో దాక్కుంటుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఐటీ వాళ్లకి టికెట్ వేసి ఆగడం తప్ప దారి లేదు.

తర్వాతిది అసలైన తలనొప్పి. విండోస్‌కి తన సొంత హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది, హైపర్-వి. మీరు హైపర్-వి ఎప్పుడూ ఆన్ చేయకపోయినా డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లైనక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ సౌకర్యం) వేసినా, డాకర్ డెస్క్‌టాప్ (అప్లికేషన్లని విడివిడి కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) వేసినా, విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉన్నా వెనక అది నడుస్తూనే ఉంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌ని నేరుగా వాడుకోలేక, హైపర్-వి మీద ఆధారపడి నడుస్తుంది. నడుస్తుంది కానీ నెమ్మదిగా. గుర్తు ఏంటంటే వీఎం విండో కింద స్టేటస్ బార్‌లో ఒక పచ్చ తాబేలు బొమ్మ వస్తుంది (చేసినవాళ్లకి హాస్యం బాగానే ఉంది). తాబేలు పోవాలంటే విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేసి, మెమరీ ఇంటిగ్రిటీ కూడా ఆపేసి రీస్టార్ట్ చేయాలి. కానీ ఆ టిక్కులు తీస్తే డబ్ల్యూఎస్ఎల్ 2 పనిచేయదు, దాని మీద ఆధారపడే డాకర్ డెస్క్‌టాప్ కూడా పనిచేయదు. మెమరీ ఇంటిగ్రిటీ ఆపడం భద్రతాపరంగా కూడా అంత మంచిది కాదు, ఆఫీస్ మెషిన్‌లో అయితే ఆపనివ్వరు కూడా. అందుకే నా సలహా, రెండిట్లో ఒకటి ఎంచుకోండి. డాకర్ డెస్క్‌టాప్ రోజూ కావాల్సిన వాళ్లు వర్చువల్‌బాక్స్ జోలికి రావడం అనవసరం. డాకర్ కావాలి కానీ డెస్క్‌టాప్ అక్కర్లేదు అంటే, వీఎం లోపలే డాకర్ ఇంజిన్ వేసుకోండి, సర్వర్‌లో ఉండేదీ అదే కదా.

వీఎం తయారుచేయడం తేలికే, అయినా రెండు చోట్ల ఆగి చూడాలి. 7.0 నుంచి ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేయడానికి వాడే డిస్క్ ఇమేజ్) ఎంచుకోగానే అన్‌అటెండెడ్ ఇన్‌స్టాలేషన్ అని, మనల్ని ఏమీ అడక్కుండా అదే ఉబుంటుని ఎక్కించేస్తానంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ డిఫాల్ట్‌గా అది పెట్టే యూజర్‌నేమ్ వీబాక్స్‌యూజర్, పాస్‌వర్డ్ ఛేంజ్‌మీ, పైగా ఆ యూజర్‌కి సుడో (అడ్మిన్) హక్కులు ఉండవు. ఇన్‌స్టాల్ అంతా అయ్యాక ఒక్క ప్యాకేజీ కూడా వేయలేక ఎందుకు రావట్లేదో తెలియక ఇంటర్నెట్ అంతా వెతికే వాళ్లు చాలామంది. ఆ ఆప్షన్ తీసేసి మనమే చేతులారా ఇన్‌స్టాల్ చేసుకోవడం నయం, మహా అయితే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

రెండోది డిస్క్. డెస్క్‌టాప్ ఐఎస్ఓ వద్దు, సర్వర్ ఐఎస్ఓ దించుకోండి, సైజులో దాదాపు సగమే ఉంటుంది. డిస్క్ 60 జీబీ ఇవ్వండి, భయం లేదు, డైనమిక్‌గా పెట్టుకుంటే లోపల ఎంత నిండితే అంతే బయట పెరుగుతుంది. డిఫాల్ట్‌గా చూపించే 25 జీబీకి ఒప్పుకుంటే నాలుగు డాకర్ ఇమేజ్‌లకే నిండిపోతుంది. ఇక్కడ ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ చేసే చిత్రం ఒకటుంది, ఇది వర్చువల్‌బాక్స్ తప్పు కాదు: ఎల్‌వీఎం పద్ధతిలో (డిస్క్‌ని భాగాలుగా పంచే పద్ధతి) డిస్క్ ఇస్తే, 20 నుంచి 200 జీబీ మధ్య ఉన్నప్పుడు రూట్‌కి (సిస్టమ్ ఉండే భాగానికి) సగమే ఇచ్చి మిగతా సగం ఖాళీగా వదిలేస్తుంది. 60 ఇచ్చాం కదా అనుకుంటాం, లోపలికి వెళ్లి చూస్తే 30 కూడా ఉండదు. స్టోరేజ్ స్క్రీన్‌లో ఉబుంటు-ఎల్‌వీ అనేదాన్ని ఎడిట్ చేసి మొత్తం సైజు ఇచ్చేయండి. తర్వాత కమాండ్లతో పెంచుకోవచ్చు, కానీ ఎందుకా శ్రమ. అదే ఇన్‌స్టాలర్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ టిక్కు కూడా పెట్టడం మరవకండి, మన పద్ధతికి మూలం అదే.

ర్యామ్, ప్రాసెసర్ల విషయంలో ఆశకి పోవద్దు. వీఎం అంటే ఒకే ఇంట్లో రెండు కాపురాలు, సరుకులు మాత్రం ఒక్కరి సంపాదనలోంచే రావాలి. 16 జీబీలో 4 జీబీ ఇస్తే డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్‌కి, జాంగోకి, పోస్ట్‌గ్రెస్‌కి సరిపోతుంది, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి జావా సరుకు ఉంటే 6. సీపీయూ కోర్లు ల్యాప్‌టాప్‌లో ఉన్నవాటిలో సగం దాటకండి. స్లైడర్ కింద పచ్చగా ఉన్నంత మేరకే అని వాళ్లే రంగులేసి చూపిస్తారు.

నెట్‌వర్క్ దగ్గర చాలామంది జుట్టు పీక్కుంటారు కానీ విషయం చిన్నదే. డిఫాల్ట్‌గా నాట్ (ల్యాప్‌టాప్ చాటు నుంచి ఇంటర్నెట్‌కి వెళ్లే పద్ధతి) ఉంటుంది, వీఎంకి 10.0.2.15 అనే అడ్రస్ వస్తుంది, లోపలి నుంచి ఇంటర్నెట్ అంతా పనిచేస్తుంది, బయటి నుంచి లోపలికి మాత్రం దారి ఉండదు. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఒక రూల్ రాయాలి: హోస్ట్ (ల్యాప్‌టాప్) పోర్ట్ 2222, గెస్ట్ (వీఎం) పోర్ట్ 22. ఆ రూల్‌లో హోస్ట్ ఐపీ గడి ఖాళీగా వదిలేయకండి, అక్కడ 127.0.0.1 అని రాయండి, లేకపోతే ఆ పోర్ట్ మీ ల్యాప్‌టాప్ అన్ని నెట్‌వర్క్‌ల మీదా తెరిచి ఉంటుంది, అంటే ఫైర్‌వాల్ అడ్డుకోకపోతే పీజీ హాస్టల్ వైఫైలో ఉన్న ప్రతివాడూ మీ వీఎం తలుపు కొట్టొచ్చు. బ్రిడ్జ్‌డ్ పెడితే వీఎంకి విడిగా ఐపీ వస్తుంది, ఇంట్లో రౌటర్‌కి కేబుల్ పెట్టుకున్నప్పుడు బాగుంటుంది, వైఫై మీద అయితే నమ్మకం తక్కువ, హాస్టల్‌లో మనిషికి ఇన్ని డివైజులే అనే లిమిట్ ఉంటే అసలు రాదు. ఎప్పుడూ మారని ఐపీ కావాలంటే రెండో అడాప్టర్‌గా హోస్ట్-ఓన్లీ పెట్టుకోండి, 192.168.56 వరసలో వస్తుంది, అది మీ ల్యాప్‌టాప్ దాటి బయటికి పోదు.

"సర్వర్ లోపల నడుస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం రావట్లేదు" అనే ప్రశ్నకి నూటికి తొంభై సార్లు జవాబు ఒకటే. జాంగో రన్‌సర్వర్ గానీ, వీట్ (జావాస్క్రిప్ట్ డెవలప్‌మెంట్ సర్వర్) గానీ డిఫాల్ట్‌గా తన మెషిన్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లనే వింటాయి. వీఎంకి మన ల్యాప్‌టాప్ బయటి మనిషే. 0.0.0.0 మీద, అంటే బయటి కనెక్షన్లనీ వినేలా, నడపమని చెప్పాలి. కింద చెప్పబోయే పద్ధతిలో అయితే ఆ అవసరం కూడా రాదు.

ఇప్పుడు షేర్డ్ ఫోల్డర్. వర్చువల్‌బాక్స్‌లో నేను అతి తక్కువ మార్కులు వేసేది దీనికే. విండోస్‌లో ఒక ఫోల్డర్‌ని వీఎం లోపల కనిపించేలా చేయడం అనే ఆలోచన మంచిదే, రెండు క్లిక్కుల్లో అయిపోతుంది, గెస్ట్ అడిషన్స్ వేసి మన యూజర్‌ని వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూప్‌లో చేరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి మొదలవుతాయి అవస్థలు. విండోస్ వైపు ఫైల్ మారిస్తే ఆ కబురు లైనక్స్ కెర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) అందదు, కాబట్టి సేవ్ చేయగానే పేజీ తనంతట తాను రీలోడ్ అయ్యే సౌకర్యాలు చాలా పనిచేయవు. పోలింగ్ పెట్టుకోవచ్చు, అంటే సెకనుకోసారి ఫైళ్లన్నీ తడిమి చూడటం, సీపీయూ వేడెక్కడం. సింబాలిక్ లింకులు (ఇంకో ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్ల లాంటివి) భద్రత కోసం డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటాయి, ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీ టూల్) ఇన్‌స్టాల్ కొట్టగానే ఎర్ర అక్షరాలు బారులు తీరతాయి. లింకులు తెరిచినా వేల చిన్న చిన్న ఫైళ్లు ఆ దారిలో రాయడం అంటే టీ తాగి రావొచ్చు. ఫైల్ పర్మిషన్లు మార్చితే మారవు, మౌంట్ చేసినప్పుడు ఏవి ఉంటే అవే. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని అందులో పెట్టాలని చూస్తే అది తన ఫోల్డర్ పర్మిషన్లు నచ్చక మొదలవ్వనే మొదలవ్వదు. విండోస్ ఎడిటర్ పెట్టే లైన్ ఎండింగ్స్ వల్ల షెల్ స్క్రిప్టులు నడవకపోవడం దీనికి తోడు. ఫొటోలో, ఒక డంప్ ఫైలో అటూ ఇటూ పంపడానికి తప్ప, కోడ్ అందులో ఉంచొద్దు.

మరి కోడ్ ఎక్కడ? వీఎం లోపలే, హోమ్ డైరెక్టరీలో, గిట్ క్లోన్ అక్కడే. ఎడిటర్ మాత్రం విండోస్‌లో. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, ఫ్రీ. దాంతో వీఎంకి కనెక్ట్ అయితే అది లోపల ఒక చిన్న సర్వర్ ఎక్కించుకుంటుంది. ఇక టెర్మినల్, డీబగ్గర్, గిట్, ఫైల్ వెతుకులాట అంతా ఉబుంటులో జరుగుతుంది, మనకి కనిపించేది మాత్రం అలవాటైన విండోస్ విండోనే. అందులో జాంగోని 8000 పోర్ట్ మీద నడిపితే ఆ పోర్ట్‌ని అదే గుర్తుపట్టి ల్యాప్‌టాప్ వైపు తెరుస్తుంది, ఎస్ఎస్‌హెచ్ గుండా పోతుంది కాబట్టి 0.0.0.0 అక్కర్లేదు, ప్రతి పోర్ట్‌కీ వర్చువల్‌బాక్స్‌లో రూల్ రాసే పని లేదు. వీఎంకి కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలి దీనికి, 2 ఉంటే మంచిది. ఎస్ఎస్‌హెచ్ కీ ఒకటి చేసి లోపల పెట్టేస్తే పాస్‌వర్డ్ గోల కూడా ఉండదు. వీఎంని హెడ్‌లెస్ స్టార్ట్‌తో మొదలుపెడితే దాని విండోనే తెరుచుకోదు. ఇలా అలవాటైతే వీఎం నడుస్తోందన్న సంగతి కూడా గుర్తుండదు, ఫ్యాన్ గుర్తుచేస్తే తప్ప. ఆ నల్లటి కన్సోల్ విండోలో తెలుగు అక్షరాలు సరిగ్గా రావు, అదీ చూడాల్సిన పని తప్పుతుంది. ఎడిటర్‌లో అయితే తెలుగు చక్కగా కనిపిస్తుంది.

వర్చువల్‌బాక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది స్నాప్‌షాట్, అంటే వీఎం ఇప్పుడున్న స్థితిని గుర్తుపెట్టుకుని తర్వాత మళ్లీ అక్కడికే వెళ్లే సౌకర్యం. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి 16కి మార్చే ప్రయోగం చేయాలి, మైగ్రేషన్ స్క్రిప్ట్ సరిగ్గా నడుస్తుందో లేదో తెలియదు, సర్వర్ మీద నేరుగా చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. స్నాప్‌షాట్ తీసి, ఇష్టం వచ్చినట్టు చెడగొట్టి, మళ్లీ వెనక్కి తిప్పేసి, ఇంకోలా చెడగొట్టి చూడొచ్చు. ఫైర్‌వాల్ రూల్స్ తప్పు రాసుకుని మనల్ని మనమే బయటికి నెట్టేసుకోవడం లాంటివి కూడా నిశ్చింతగా చేసి నేర్చుకోవచ్చు. క్లౌడ్‌లో ఇదే నేర్చుకోవాలంటే గంటకింత అని మీటర్ తిరుగుతుంది. వీఎం ఆపి ఉన్నప్పుడు తీస్తే స్నాప్‌షాట్ చిన్నగా, శుభ్రంగా వస్తుంది. నడుస్తుండగా తీస్తే ర్యామ్‌లో ఉన్నదంతా కూడా డిస్క్ మీద రాసిపెడుతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి, స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాదు. అసలు డిస్క్ ఫైల్ మీద మార్పుల పొరలు మాత్రమే, అన్నీ అదే ఎస్ఎస్‌డీలో ఉంటాయి, అది పోతే అన్నీ పోతాయి. పొరలు పెరిగేకొద్దీ సైజూ పెరుగుతుంది, పని అయ్యాక పాతవి డిలీట్ చేస్తూ ఉండాలి. ఇంకో చిరాకు, డైనమిక్ డిస్క్ పెరగడమే తప్ప తగ్గడం తెలియదు. లోపల 20 జీబీ డాకర్ ఇమేజ్‌లు తీసేసినా బయట ఫైల్ అంతే ఉంటుంది. లోపలి ఖాళీ స్థలాన్ని సున్నాలతో నింపి, వీఎం ఆపి, వీబాక్స్‌మేనేజ్ అనే కమాండ్‌తో కాంపాక్ట్ చేయాలి. ఇంత కాలం నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కి ఇది సులువుగా ఒక బటన్‌గా ఉండాల్సింది.

ల్యాప్‌టాప్ మూత వేసి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి వీఎం లోపల గడియారం వెనకబడిపోయి ఉంటుంది. చూడటానికి చిన్న విషయం, కానీ అప్పుడు ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీ టూల్) అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదని విచిత్రమైన ఎర్రర్ వస్తుంది, టోకెన్ల గడువు లెక్కలు తప్పుతాయి, మన కోడ్‌లో బగ్ ఉందేమో అని వెతుక్కుంటాం. గెస్ట్ అడిషన్స్ వేసుంటే గడియారం సరిచేసేది అదే, ఫోల్డర్లు షేర్ చేయకపోయినా దాన్ని వేసుకోవడం మంచిది.

పోటీలో ఉన్నవాటి గురించి. నిజం మాట్లాడుకోవాలంటే, కేవలం నోడ్‌లోనో పైథాన్‌లోనో వెబ్ కోడ్ రాసి నడిపి చూసుకోవడానికి డబ్ల్యూఎస్ఎల్ 2 చాలు, వర్చువల్‌బాక్స్ కంటే తేలిక కూడా. 2020లో విండోస్ 10తో పాటు వచ్చింది, 2022 నుంచి సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) కూడా నడుస్తోంది, ఒక్క కమాండ్‌తో ఎక్కుతుంది, వీఎస్ కోడ్ అందులోకి నేరుగా వెళ్తుంది. అందులోనూ నియమం ఇదే, కోడ్ సి డ్రైవ్‌లో పెట్టుకుని లోపలి నుంచి తెరిస్తే నత్తే, లైనక్స్ వైపు పెట్టుకుంటేనే వేగం. ర్యామ్‌లో సగం వరకు తీసేసుకునే అలవాటు ఉంది, దాని కాన్ఫిగ్ ఫైల్‌లో కళ్లెం వేయాలి. కానీ దానికి స్నాప్‌షాట్ లేదు, మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. వేసుకున్న ఉబుంటులు, డెబియన్లు అన్నీ ఒకే కెర్నెల్ మీద నడుస్తాయి, అదీ మైక్రోసాఫ్ట్ కట్టిన కెర్నెల్. డేటాబేస్‌కి ఒకటి, వెబ్‌కి ఒకటి అని విడివిడి మెషిన్లుగా, విడి ఐపీలతో అచ్చం సర్వర్లలా అమర్చుకోవాలంటే అది కుదరదు, వర్చువల్‌బాక్స్‌కే రావాలి.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో ఒకప్పుడు డబ్బు పెట్టి కొనేది, 2023లో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొన్నాక 2024 మేలో సొంత వాడకానికి, నవంబర్‌లో కంపెనీలకి కూడా ఫ్రీ చేసేశారు. లోపల గ్రాఫికల్ డెస్క్‌టాప్ కావాల్సిందే అనేవాళ్లకి నేను అదే చెప్తాను, స్క్రీన్ సాఫీగా కదులుతుంది. డౌన్‌లోడ్‌కి బ్రాడ్‌కామ్ అకౌంట్ కావాలి, ఆ పోర్టల్‌లో ఫైల్ ఎక్కడుందో కనిపెట్టడానికి ఓపిక కూడా కావాలి.

ఉబుంటు తయారుచేసే కెనానికల్ వాళ్ల మల్టీపాస్, ఉబుంటు మాత్రమే కావాల్సిన వాళ్లకి చక్కగా సరిపోతుంది. ఒక్క కమాండ్ కొడితే వీఎం రెడీ, ఇన్‌స్టాలర్ స్క్రీన్లే ఉండవు. ఏమీ చెప్పకపోతే 1 జీబీ ర్యామ్, 5 జీబీ డిస్క్ ఇస్తుంది, అది దేనికీ చాలదు, మొదలుపెట్టేటప్పుడే పెంచి అడగాలి. వేగ్రంట్ అనే టూల్, టీమ్‌లో అందరికీ ఒకే రకం వీఎం కావాలంటే ఇప్పటికీ బాగుంటుంది, ఒక ఫైల్‌లో రాసి గిట్‌లో పెడితే కొత్తగా చేరినవాళ్లు ఒక కమాండ్‌తో తెచ్చుకుంటారు. కాకపోతే 2023లో దాని లైసెన్స్ మార్చేశారు, ఆ తర్వాత కెనానికల్ 24.04 నుంచి తన అధికారిక వేగ్రంట్ ఇమేజ్‌లు ఇవ్వడం మానేసింది, బెంటో అనే ప్రాజెక్ట్ వాళ్లవి వాడుకోవాలి. వేగ్రంట్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని డిఫాల్ట్‌గా షేర్ చేసేస్తుంది కూడా, పైన చెప్పిన రోగాలన్నీ అక్కడా వస్తాయి.

ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ వాళ్లకి 2024లో వచ్చిన 7.1 నుంచి వర్చువల్‌బాక్స్ నడుస్తుంది, కానీ లోపల ఆర్మ్ (ఆ చిప్‌ల రకం) కోసం చేసిన ఉబుంటు లాంటివి మాత్రమే. ఎవరో ఇచ్చిన పాత ఇంటెల్ ఇమేజ్ ఫైల్ అందులో తెరుచుకోదు. మ్యాక్‌లో నేనైతే యూటీఎం అనే వీఎం సాఫ్ట్‌వేర్ వైపు చూస్తాను.

మార్కులు అడిగితే, స్నాప్‌షాట్‌కీ నెట్‌వర్క్ సౌకర్యాలకీ అయిదుకి అయిదు, మొదటిసారి సెటప్‌కి మూడు, షేర్డ్ ఫోల్డర్‌కి ఒకటి, అదీ దయతలచి. మొత్తం మీద నాలుగుకి కాస్త తక్కువ.

8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థుల కోసం ఒక మాట. విండోస్ 11, క్రోమ్ కలిసి అందులో సగం పైనే తినేస్తాయి, మిగిలినదాంట్లో వీఎంకి 2 జీబీ ఇచ్చి సర్వర్ ఐఎస్ఓతో నడిపితే కోర్సు పనులకి అవుతుంది, బ్రౌజర్‌లో ట్యాబులు మూసుకుంటూ ఉండాలి అంతే. దానికోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని లేదు, ముందు మీ మోడల్‌లో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందో, బోర్డుకే అతికించేశారో చూడండి. స్లాట్ ఉంటే ఇంకో 8 జీబీ స్టిక్ వేయించుకోవడం కొత్త మెషిన్ కొనడంకన్నా చాలా చవక. ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ కంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, హార్డ్ డిస్క్ మీద వీఎం నడపడం మాత్రం వద్దు.